ఖాళీ అన్న కొండవాలు

నిన్న పొద్దున టీవీలో మళ్లీ ఒక కొత్త టెక్నాలజీ నగరాన్ని చూపించారు. అంతా కంప్యూటర్లో గీసిన బొమ్మ. అద్దాల మేడలు, ఒకే ఎత్తున పెరిగిన చెట్లు, నీడ పడని మనుషులు. "ఖాళీ కొండల్లో అద్భుతం" అంది యాంకరమ్మ. మా ఆవిడ నా చేతిలోని స్టీలు గ్లాసు లాక్కోబట్టి టీవీ బతికింది.

ఖాళీ అన్న మాట ఒకప్పుడు నా నోటినుంచీ వచ్చింది. మన్యంలో హుకుంపేట దాటాక ఒక కొండవాలు మీద అలాంటి నగరమే కడతామని వచ్చిన కంపెనీలో నేను ఉద్యోగిని. మా నాన్న ఆ వాలు కింది ఊళ్లో మిషన్ బడి మాస్టారు. నేను ఆ ఊళ్లోనే పెరిగాను. మనుషులు తెలుసు, మాట తెలుసు, అందుకే జీతం. పోడు వాలుని కొన్నేళ్లు పండించి కొన్నేళ్లు పడుకోబెడతారనీ, తుప్పలు మొలిచినంత మాత్రాన అది బీడు కాదనీ కూడా తెలుసు. అయినా తెలుగు రాని మా పెద్ద ఇంజినీరు అడిగితే "ఖాళీయే సార్" అన్నాను.

చైత్రంలో కొండజనం చేసుకునే ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని, పాడుతూ, వచ్చిన బండినల్లా ఆపి పండగ మామూలు అడుగుతారు. మా కారునీ ఆపారు. ఆ రోజు పాట మాత్రం లేదు. కర్ర కొస పట్టుకున్నది మా పక్కింటి పెద్దమ్మ. చిన్నప్పుడు మా అమ్మ మంచాన పడ్డ ఏడాదంతా నేను తిన్నది, ఆవిడ ఆ వాలు మీద పండించిన సామలే.

"ఏటిరా గుంటడా, కారెక్కితే పెద్దమ్మ కళ్లకానదేటి?"

"పండగేగా పెద్దమ్మా, కర్ర తియ్యండి."

"పండగ రేపు సేసుకుంటాం. మీ సారుకి సెప్పు. ఆ వాలు మాది, ఈ ఏడు సామలు సల్లాల. మిషన్లెక్కిత్తే మేం ఏటి తింతాం, మీ అద్దాలా?"

ఆమె ఏమంటోందని ఇంజినీరు అడిగాడు. "పండగ సార్, ఒక నోటిస్తే వదిలేస్తారు" అన్నాను. ఆయన నవ్వుతూ కిటికీలోంచి నోటు జార్చాడు. పెద్దమ్మ దానివైపు చూడలేదు, నన్నే చూసింది. "నాను సెప్పింది సెప్పినావా?" అంది. నేను అద్దం ఎక్కించేశాను. డ్రైవరు బంపరుతో కర్రని తోసుకుంటూ పోయాడు.

ఆ వేసవిలోనే మిషన్లు వాలుని గీకేశాయి. మొదటి వానకే ఎర్రమట్టంతా కింద పారే గెడ్డలో కలిసిపోయింది. పెట్టుబడి రాలేదని కంపెనీ వెళ్లిపోయింది. నగరానికి ముఖద్వారమని లేపిన ఒక ఆర్చీ, తాళం వేసిన అద్దాల ఆఫీసూ మిగిలాయి. మేకలు దాని నీడన పడుకుంటాయి, ఆ నగరానికి అవే పౌరులు. ఇప్పుడు మళ్లీ కొత్త నగరమట! హుకుంపేట సంతని ఎవరు కట్టారు? అల్లమూ పిప్పళ్లూ కోళ్లూ పట్టుకుని నాలుగు కొండల జనం దిగితే అది సంతయింది. ఉన్న మనుషుల్ని తోసేసి ముందుగా ఆర్చి లేపినచోటికి గాలి తప్ప ఎవరొస్తారు? ఇంజినీరుని తిట్టుకుందామంటే, పాపం, ఆయనకి తెలియదు. తెలిసినవాణ్ని నేను.

పెద్దమ్మ ఇప్పుడు ఎవరిదో కాఫీ తోటలో కూలికి పోతోంది. పోయిన నెల వెళ్లి కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

"నా కాళ్లతో ఏటి పనిరా నీకు? నా మన్ను తే."

కొండ మీద మళ్లీ మన్ను పేరుకోవడానికి ఎన్ని తరాలు పడుతుందో గానీ, నాకు మిగిలిన ఏళ్లు దానికి బొత్తిగా చాలవు.