తిరునాళ్లకు మార్చే గేరాయిల్

మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్లే బస్సులో నా పక్కన ఒక లారీ డ్రైవరు కూర్చున్నాడు. బస్సు గేరు మారినప్పుడల్లా ఆయన ఎడమకాలు అక్కడ లేని క్లచ్చును తొక్కుతోంది.

“ఏందన్నా, ఒంట్లో బాగలేదా?” అన్నాను.

“ఏడాదికోసారి, కోటప్పకొండ తిరునాళ్లకే మా లారీకి గేరాయిల్ మార్చేది మేము. ఈ ఏడు రాళ్ల లోడ్లు చానా తోలాం. ముందే మారుద్దామన్నాడు మా తమ్ముడు. తిరునాళ్లు ఎంతో దూరం లేదు గదరా అన్నాను నేను. నిన్న ఎత్తులో గేరు జారి లారీ వెనక్కొచ్చింది. చక్రం కింద చెక్క పెట్టబోయాడు వాడు. వాడి మీదకే వచ్చింది.”

నూనె నలుపు పోని వేళ్లు రుద్ది చూపించాడు. “ఆయిలు నీళ్లలాగా అయిపోయిందయ్యా. నేను చూళ్లేదు.”

తమ్ముడున్న ఆసుపత్రి దగ్గర బస్సు ఆగకముందే దూకేశాడు.

ఇంటికెళ్లగానే మా ట్రాక్టరు గేరుబాక్సులో పాత ఆయిలు దింపే ప్లగ్గు విప్పాను. తిరునాళ్లకు ఇంకా నెలన్నర ఉంది.