అంగుళంన్నర మార్జిన్

ఏ కాగితమైనా సరే, స్కేలు బాబాయి దాన్ని చదవడానికి ముందు కొలుస్తారు. ఎడమవైపు అంగుళంన్నర మార్జిన్ లేకపోతే, అందులో ఇల్లు తగలబడుతోందని రాసి ఉన్నా చదవరు. ఆయన మేడమీది గదిలో నేను అద్దెకుంటున్నాను. అద్దె ఒప్పందాన్నే రెండుసార్లు తిప్పి పంపారు.

"నా సరుకుల చీటీ కూడా వెనక్కిచ్చారమ్మా," అంది పిన్ని ఒకరోజు. "ఒళ్లు మండి, ఆ పూట కంచంలో ఎడమవైపు అంగుళంన్నర ఖాళీ వదిలి వడ్డించాను."

"ఏమన్నారు?"

"'ఇదీ పద్ధతి' అని మెచ్చుకుని తిన్నారు!"

ఇటువంటి మనిషి ఫుట్‌బాల్ లీగ్ కార్యాలయంలో ఆటగాళ్ల నమోదు గుమాస్తా. నేను ఆటగాళ్ల సంఘం న్యాయవాదిని. ఒప్పందం ముగిసి, ఏ క్లబ్బుకూ చెందని ఆటగాణ్ణి ఫ్రీ ఏజెంట్ అంటారు. అందులోని 'ఫ్రీ' ఎంత బూటకమో లీగ్ నిబంధనలు చదివితే తెలుస్తుంది. గడువు రోజు సాయంత్రం అయిదులోగా దరఖాస్తు అందకపోతే, వచ్చే సీజను దాకా ఏ క్లబ్బూ అతణ్ణి చేర్చుకోకూడదు. పాత క్లబ్బు ఇచ్చే విడుదల పత్రం జతచేయలేదని తేలితే, దరఖాస్తు అక్కడికక్కడే తిరస్కృతం.

కిందటేడు ఒక గోల్‌కీపరు మా సంఘానికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు. కొత్త క్లబ్బు అతని కోసం ఎదురుచూస్తోంది. పాత క్లబ్బు మాత్రం "మేనేజరుగారు ఊళ్లో లేరు" అంటూ విడుదల పత్రాన్ని తొక్కిపెట్టింది.

"ఈ సీజను కూర్చుండిపోతే, ఇక నన్నెవరు పిలుస్తారు మేడం?" అన్నాడు.

ఆ పత్రం లేకుండానే, వాదించి గెలుద్దామన్న ఆవేశంతో, గడువు రోజు అయిదుకు పది నిమిషాల ముందు దరఖాస్తు పట్టుకెళ్లాను. బాబాయి అందిన సమయం ముద్ర వేశారు. బొటనవేలితో పేజీలు లెక్కపెట్టారు. ఒక్క క్షణం ఆగి, స్కేలు తీశారు.

"అంగుళంపావు."

"బాబాయిగారూ, ఒక మనిషి బతుకండీ ఇది!"

"బతుకైనా సరే, అంగుళంన్నర. లా చదివావు గానీ మార్జిన్ నేర్చుకోలేదమ్మా. తీసుకెళ్లు."

ఆయన మీద ఫిర్యాదు రాయడానికి ఆ సాయంత్రమే నిబంధనల పుస్తకం తెరిచాను. పద్నాలుగో నిబంధన: మొదటి లోపం కనబడగానే పరిశీలన ఆపి, దరఖాస్తును తిప్పి పంపాలి. పదిహేనోది: మార్జిన్ వంటి లోపాలకు తిప్పి పంపిన దరఖాస్తును మూడు రోజుల్లో సరిచేసి ఇస్తే, అది మొదట అందిన సమయానికే అందినట్టు.

రెండుసార్లు చదివాను. ఫిర్యాదు రాయడం మానేశాను. ఆయన రెండో పేజీ తిప్పి ఉంటే, విడుదల పత్రం లేదని తేలి, గోల్‌కీపరు పని ఆ నిమిషంతో సరి. స్కేలు తీసి, మూడు రోజులు ఇచ్చారు.

ఆ మూడు రోజులూ పాత క్లబ్బు గుమ్మంలోనే బైఠాయించాను. మూడోనాడు మేనేజరు 'ఊళ్లోకి' వచ్చాడు. పత్రమూ వచ్చింది. గోల్‌కీపరు సీజనంతా ఆడాడు.

"రెండో పేజీ కావాలనే చూడలేదు కదా బాబాయిగారూ?" అని అడిగాను.

"మొదటి పేజీలో తప్పుండగా రెండోది చూడ్డం రూలుకు విరుద్ధమమ్మా," అన్నారు, నా చేతిలోని కృతజ్ఞతాపత్రాన్ని కొలుస్తూ.

నిన్న మళ్లీ గడువు రోజు. మరో ఫ్రీ ఏజెంటు. ఇంకా అందని మరో విడుదల పత్రం. ఈసారి దరఖాస్తు టైపు చేసేటప్పుడే ఎడమవైపు సరిగ్గా అంగుళం వదిలాను.

బాబాయి కొలిచారు. మళ్లీ కొలిచారు. కళ్లజోడు మీదుగా నన్ను చూశారు.

"నీకీ జన్మకి మార్జిన్ రాదమ్మా!" అంటూ, ఎంతో తృప్తిగా తిప్పి ఇచ్చారు.