గడ్డి ఎవరిదని అడిగిన అవ్వ

నా చిన్నప్పుడు, మా చిన్నాయన బర్మా యుద్ధంలో పోయాడన్న కబురు మోసుకొచ్చిన సిపాయిని మా అవ్వ మొదట అడిగింది ఎలా పోయాడని కాదు. ఇంగ్లీషు వాళ్లకూ జపాను వాళ్లకూ తగువు ఎందుకొచ్చిందని.

మాది యర్రగొండపాలెం దగ్గర గొర్రెల మీద బతికే ఇల్లు. చిన్నాయన మా నాయనకు తమ్ముడు, ఇంకా పెళ్లి కానివాడు. నన్ను భుజాల మీదెక్కించుకుని మంద వెంట తిప్పేవాడు. వానలు లేక గొర్రెలు బక్కచిక్కిన ఏడాది, పటాలంలో కడుపునిండా తిండి పెడతారని విని మార్కాపురం వెళ్లి చేరిపోయాడు. తర్వాత కూడా వానలు రాలేదు. ఇక నాయన కూడా పటాలంలో చేరతానని మూట కట్టుకున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కళ్లు ఒత్తుకుంటోంది. అవ్వ మాత్రం వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

అప్పుడొచ్చాడు ఆ సిపాయి. గిద్దలూరు వైపు మనిషి. చిన్నాయనతో ఒకే పటాలంలో ఉండి, కాలు దెబ్బతింటే ఇంటికి పంపేశారట. మా వాకిట్లో మజ్జిగ తాగి, జపాను వాళ్లు ఎప్పుడు పడ్డారో, ఎక్కడెక్కడ బాంబులు వేశారో చెప్పుకుపోతున్నాడు. అవ్వ చేయి అడ్డం పెట్టింది. మందల తగువులు తీర్చడంలో మా అవ్వకు చుట్టుపక్కల పేరుంది. మొదటి దెబ్బ ఎవరు కొట్టారో చెప్పబోయేవాళ్ల నోళ్లు అక్కడికక్కడే మూయించేది.

"కొట్లాట ఎట్ల మొదలైందో చెప్పినావు నాయనా. అంతకు ముందు లోపల ఏముండిందో అది చెప్పు."

సిపాయి మాకు తెలిసిన మాటల్లోనే చెప్పాడు. ఇంగ్లీషు వాళ్లు ముందొచ్చిన మందల వాళ్లట. పచ్చగా కనిపించిన చోటల్లా తమదేనని కంచె కట్టుకున్నారు. బర్మా బియ్యం, కిరసనాయిలు, మలయా రబ్బరు అన్నీ వాళ్ల చేతికిందే. జపాను వాళ్లు ఆలస్యంగా బలిసినవాళ్లు. సొంత దేశంలో కిరసనాయిలూ లేదు, రబ్బరూ లేదు. అందుకని చైనా మీద పడ్డారు. అది చూసి ఇంగ్లీషు వాళ్లు వాళ్లకు సరుకు అమ్మడం ఆపేశారు. మేతంతా నీకొక్కడికేనా అని వాళ్లు, ఇన్నాళ్లూ మేపుకున్నది నేనేనని వీళ్లు. ఏళ్ల తరబడి రాజుకుంటున్నదే చివరికి మండిందని చెప్పాడు.

"మరి ఆ గడ్డి ఎవరిది?" అంది అవ్వ.

"బర్మావోళ్లదే అవ్వా."

"వాళ్లను ఎవరన్నా అడిగినారా?"

"లేదవ్వా" అన్నాడు సిపాయి. దాచిపెడదామనుకున్నది కూడా చెప్పేశాడు. పటాలం వెనక్కి వచ్చేటప్పుడు, జపాను వాళ్లకు దక్కకూడదని ఒక ఊళ్లో వడ్ల కొట్లు తగలబెట్టమన్నారట. కాగడా మా చిన్నాయన చేతికిచ్చారట. ఒక ముసలామె కాళ్లు పట్టుకుని ఏడిస్తే, ఆమెను విడిపించుకుని అంటించాడట. ఆ తర్వాత అతనికి ముద్ద గొంతు దిగలేదు. అడవి దారిలో జ్వరం తగిలి పోయాడు.

అప్పుడు ఏడ్చింది మా అవ్వ. అంత గట్టి మనిషి నేల మీద పడి ఏడుస్తుంటే నాకు చాలా భయమేసింది. చాలాసేపటికి లేచి, నాయన వైపు తిరిగింది.

"గడ్డి మనది కాదు, మంద మనది కాదు. కర్ర పట్టుకోను నా బిడ్డలే దొరికినారా? ఆ మూట విప్పురా."

నాయన మూట విప్పేశాడు. ఆ ఏడు సగం మంద చచ్చిపోయింది. నల్లమలలో దొరికిన గడ్డలు తవ్వుకొచ్చి ఉడికించుకు తిన్నాం. అయినా నాయన మా మధ్యనే ఉన్నాడు.

చిన్నాయనకు దినాలు చేసిననాడు, అతని పేరున సంకటి పెట్టిన విస్తరి పక్కనే అవ్వ ఇంకో విస్తరి వేసింది. చుట్టాలు ముఖాలు చూసుకున్నారు. అది ఎవరికని నేనే అడిగాను.

"ఆ ముసలామె ఇంటి పెద్దలకు. వాళ్ల గింజలు నా బిడ్డ కాల్చినాడు" అంది.

ఇప్పుడు నాకు అప్పటి అవ్వకన్నా ఎక్కువ వయసు. ఏటా పెద్దల అమావాస్యకు నేను కూడా రెండో విస్తరి వేస్తాను. ఎవరి పేరు చెప్పి పెట్టాలని కోడళ్లు అడుగుతారు. ఆ ముసలామె ఇంటివాళ్ల పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.