నిదానం గారి రెండో కుర్చీ

మెట్ల కింద ఉన్న ఆ కొట్టులో ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాల్సిందే. అందులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఆయన్ని వీధంతా నిదానం అంటుంది. స్క్రూ తీసినా, మాట మాట్లాడినా అంత నెమ్మది. భార్య పోయి ఆరేళ్లయిందనీ, అప్పట్నుంచి కొట్టుకి సెలవన్నదే లేదనీ పక్క టైలర్ చెప్పాడు. నేను వెళ్లింది మాత్రం ఆయన కథ వినడానికి కాదు.

నా గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి చతికిలపడింది. తెర మీద బొమ్మని సెకనుకి తొంభై ఫ్రేములు తిప్పేది ఇరవైకి పడిపోయింది. మంగళవారం దాకా గుర్రం, బుధవారం నుంచి నత్త. ఆటలో మేం నలుగురం ఒక జట్టు. మొహాలు తెలియవు, గొంతులే తెలుసు. రోజు మొత్తంలో నన్ను పలకరించేది ఆ ముగ్గురే. "ఆదివారం మ్యాచ్‌లోపు బాగుచేయించుకో. లేకపోతే వేరేవాణ్ణి తీసుకుంటాం, ఏమనుకోకు" అని కెప్టెన్ అప్పటికే చెప్పేశాడు.

గేమ్ తీసేసి మళ్లీ పెట్టాను. డ్రైవర్లు కొత్తవి వేశాను, పాతవి వేశాను. పెద్ద షోరూమ్‌లో టై కట్టుకున్నాయన మూత కూడా తియ్యకుండా, "బోర్డు పోయినట్టుంది సార్, కొత్తది తీసుకోండి" అన్నాడు.

నిదానం తీసి చూశాడు. ఫ్యాన్‌లో దుమ్ము ఊదాడు. వేడి కొలిచాడు.

"జ్వరమేం లేదు. ఒంట్లో బాగానే ఉంది."

"మరి నడవదేంటి అంకుల్?"

"మంగళవారం ఏం జరిగింది?"

"ఏం జరగలేదు."

"ఏదో జరిగే ఉంటుంది నాయనా. గుర్తు తెచ్చుకో."

"మా అన్నయ్య గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

పెదనాన్న కొడుకు. నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఆఖరి రోజు, గిన్నె కడగలేదన్న దగ్గర మొదలైన గొడవ "నీతో మనిషన్నవాడు ఉండలేడు" అనేదాకా పోయింది. అన్నయ్య సామాను సర్దుకుంటుంటే నేను పుస్తకంలో తల దూర్చి కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు.

"ఆయనకీ ల్యాప్‌టాప్ ఉందా?"

"ఉంది. ఇదే కంపెనీ. ఆఫీసు పనికి, చిన్నది."

నిదానం నా చార్జర్‌ని అరచేతిలో పెట్టుకుని, కూరగాయలు తూచినట్టు రెండుసార్లు ఎగరేశాడు.

"ఇది నీది కాదు, మీ అన్నయ్యది. నీది ఇటుకంత ఉండాలి. పిన్ను ఒకటే కాబట్టి దూరింది గానీ, ఈ పిల్ల చార్జర్ ఇచ్చే కరెంటు నీ మెషీన్ ఆకలికి ఏ మూలకీ చాలదు. పస్తులుంచి పరిగెత్తమంటే ఎలా? అయినా తెర మీద చెప్పే ఉంటుందే!"

చెప్పింది. ఆన్ చేసినప్పుడల్లా ఏదో హెచ్చరిక వచ్చేది. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదలకుండా చదివే నేను, దాన్ని మాత్రం చదవకుండానే నొక్కి తీసేసేవాణ్ణి.

ఆయన తన బల్ల మీదున్న పెద్ద చార్జర్ తగిలించాడు. ఆట తెరిచి చూశాను. మళ్లీ తొంభై.

"మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి."

"చెయ్యను."

ఆయన వాదించలేదు. "ఈ చార్జర్ లేకపోతే నాకు పని సాగదు, బయటికి ఇవ్వలేను. ఆదివారం ఇక్కడికే వచ్చి ఆడుకో."

ఆదివారం మధ్యాహ్నం వెళ్లేసరికి ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. తుడిచిన తడి ఇంకా ఆరలేదు. నేను ఆడుతుంటే తెరలోకి వంగి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ ఎర్రటోపీ మనవాడేనా?"

"అవునంకుల్."

"మరి గోడ వెనకెందుకు నక్కాడు? సిగ్గా?"

మైకు తెరిచే ఉంది. అవతల ముగ్గురూ పగలబడి నవ్వారు. "ఎవర్రా ఆ తాత? జట్టులో వేసుకుందాం" అన్నాడు కెప్టెన్. మేం గెలిచాం. నిదానం గట్టిగా చప్పట్లు కొట్టి, కొట్టినందుకు తనే సిగ్గుపడ్డాడు.

నేను బ్యాగు సర్దుకుంటుంటే అడిగాడు. "వచ్చే ఆదివారం కూడా ఉందా ఆట?"

"ఉంది."

"అయితే రా. నేనెటూ ఇక్కడే. ఇంట్లో ఏముంది, గోడలు లెక్కపెట్టుకోవడం తప్ప."

నాకు భయమేసింది. ఇంకో ముప్పై ఏళ్లకి ఆ మాట నేనే అంటున్నట్టు వినిపించింది. వీధి మలుపు తిరగ్గానే ఫోన్ చేశాను.

"చార్జర్ కోసమేనా?" అన్నాడు అన్నయ్య, ఎత్తీ ఎత్తగానే. "బ్యాగు బరువు చూసి ఆ రోజే అనుకున్నా. నువ్వే ఫోన్ చేస్తావులే అని ఊరుకున్నాను."

చార్జర్ కోసం కాదని అందామనుకున్నాను. "అవును" అన్నాను.

"పంపిస్తాలే."

"సరే."

గురువారం పార్సిల్ వచ్చింది. తీగని ఎప్పటిలాగే పొందికగా చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. డబ్బా దులిపి చూశాను. చీటీ ఏమీ లేదు.

ఆ ఆదివారం గదిలోనే ఆడాను. తొంభై ఫ్రేములు. "తాత ఏడిరా?" అని అడిగారు. "పనిలో ఉన్నాడు" అన్నాను.

ఆట అయ్యాక పాల ప్యాకెట్ కోసం ఆ వీధిలోకి వెళ్లాను. కొట్టు తెరిచే ఉంది. నిదానం వంగి ఏదో స్క్రూ బిగించుకుంటున్నాడు. పక్కన రెండో కుర్చీ. దాని ముందు బల్ల మీద పెద్ద చార్జర్, ప్లగ్గులో పెట్టి సిద్ధంగా, చిన్న దీపం వెలుగుతూ.

ఆయన తల ఎత్తకముందే నేను రోడ్డు అవతలికి దాటేశాను.