శాలువా కింద పిడికిలి

మదనపల్లె గొర్రెల దళారి అలావుద్దీన్ కూతురు సఫియా ఒట్టి పిడికిలితో రెండు దేశాల మధ్య యుద్ధం ఆపేసింది. తుపాకీ పేలలేదు, కాగితం మీద సంతకం పడలేదు. పిడికిలి బిగించింది, యుద్ధం ఆగింది.

సరే, యుద్ధమన్న మాట కాస్త పెద్దదే. సగం వెనక్కి తీసుకోవచ్చు. ఫిరంగులు లేవు, సైన్యాలు లేవు. ఒక పక్క భారతదేశం తరఫున కాళ్లు వాచిన సఫియా, రెండో పక్క గల్ఫులో ఒక ఇంటి పెద్దావిడ, నడుమ కుప్పం దగ్గర శాంతిపురం నుంచి ఆ ఇంటికి పనికి వెళ్లిన రామలక్ష్మమ్మ. అయినా దేశాలు రెండన్నది నిజం, పిడికిలీ నిజం. ఆ పిడికిలి సంగతి తెలియాలంటే ముందు పుంగనూరు సంతకు పోవాలి.

ఆ సంతలో అలావుద్దీన్ గొర్రెల బేరాలు కుదిర్చేవాడు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఒకే తువ్వాలు కింద పెట్టించేవాడు. నోటితో అంకె చెప్పకూడదు. వేళ్లు పట్టుకొని నొక్కడమే బేరం. ఎన్ని వేళ్లు నొక్కితే అన్ని వందలు. పిడికిలి బిగిస్తే ఇంక కదలనని అర్థం. చుట్టూ సంతంతా నిలబడి చూసినా ఎవరు దిగారో, ఎవరు ఎక్కారో తెలిసేది కాదు. బడి సెలవుల్లో తండ్రి పక్కన గొర్రెల తాడు పట్టుకొని కూర్చునే సఫియా, గట్టిగా చెప్పుకుంటే ఏం పోయిందని ఒకసారి అడిగింది.

"ఓడిపోయింది ఎవురో నలుగురికీ తెలిస్తే, వాడు మల్లా సంతకు వస్తాడా బేటీ?" అన్నాడు అలావుద్దీన్. "టవలు కింద జరిగింది టవలు కిందనే సచ్చిపోవల్ల. ఎవురన్నా అడిగితే, టవలే లేదని చెప్పల్ల."

ఇంట్లో అదే ఆటయింది. అన్నానికి కూర్చున్నప్పుడు నేల మీద పరిచే దస్తరుఖాను అంచు ఎత్తి, ఎన్ని రొట్టెలు కావాలో తండ్రి వేళ్లు నొక్కి చెప్పేది. కడుపు నిండితే పిడికిలి. ఇంకొక్కటి తినమని ఆయన గోరు దూర్చి ఆ పిడికిలి విప్పబోయేవాడు. సఫియా విప్పేది కాదు. రొట్టెల విషయంలో ఆ పిల్లను గెలిచినవాడు లేడు.

తరవాత ఆమె మదనపల్లెలో డిగ్రీ చదివింది, సివిల్స్ రాసింది, రెండుసార్లు తప్పింది, మూడోసారి విదేశాంగ శాఖలో పడింది. ఊళ్లో అందరూ 'అంబాసిడర్' అన్నారు. వాళ్లకు తెలిసిన అంబాసిడర్ కారొక్కటే. చెప్పాలంటే సఫియా ఉద్యోగం కూడా ఆ కారులాగే నడిచింది: వేడెక్కుతూ, ఆగుతూ, అందరినీ ఎక్కించుకుంటూ.

మొదట మంచు కురిసే ఒక దేశానికి పంపారు. విందుల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చూడడం అక్కడ పని. మాట్లాడుకోని ఇద్దరు మంత్రుల మధ్య పూలకుండీ పెట్టించడం ఆమె కుదిర్చిన మొదటి సంధి. తరవాత ఒక దీవి. తండ్రి పోయింది అప్పుడే. విమానాలు మారి మారి వచ్చేసరికి గోరీ మీద మట్టి ఆరిపోయింది.

చివరికి గల్ఫు. అక్కడ దౌత్యమంటే వరండాల్లో కూర్చోవడం. పోలీసు స్టేషను వరండా, ఆసుపత్రి వరండా, శవాల గది వరండా. పెట్టెలో ఇంటికి వెళ్లేవారికి కాగితాలు, ప్రాణంతో వెళ్లాల్సినవారికి అంతకంటే ఎక్కువ కాగితాలు. యాభైకి దగ్గరపడ్డ సఫియాకు అక్కడే చెప్పులు ఒక సైజు పెరిగాయి. బదిలీ అడిగింది. "చూద్దాం" అన్నారు. తానూ దినమంతా జనానికి చెప్పే మాటే కాబట్టి దాని బరువెంతో ఆమెకు తెలుసు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"అమ్మా, నాది కుప్పం పక్క శాంతిపురం. రామలక్ష్మమ్మ అంటారు. మా బిడ్డ రూపకు ఏడో నెల పడిండాది. తొలికానుపు. తల్లి లేకుండా బిడ్డకు యాడన్నా పురుడు పోస్తారామ్మా?"

ఆ యాస చెవిన పడగానే సఫియా బల్ల కింద విడిచిన చెప్పులను కాళ్లతోనే వెతుక్కుంది.

రామలక్ష్మమ్మ ఒప్పందం ముగిసి చాలా కాలమైంది. పాస్‌పోర్టు మాత్రం పెద్దావిడ దిండు కింద ఉంది. పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. చేస్తే కేసు తేలేసరికి రూప బిడ్డ పాకడం కాదు, బడికే పోతుంది. పెద్దావిడ మనసు మారడమొక్కటే దారి.

మొదటిసారి వెళ్తే పెద్దావిడ కాఫీ ఇచ్చి, "రంజాన్ పోనీ" అంది. రెండోసారి ఖర్జూరాలిచ్చి, "ఎండలు తగ్గనీ" అంది. అమ్మ మాటే మా మాటన్నారు ముగ్గురు కొడుకులూ. వాళ్లలో ఒక్కడూ తల్లి పక్కన కాఫీ చల్లారేంతసేపైనా కూర్చోడు. ఆమె జుట్టు దువ్వేదీ, మోకాళ్లకు నూనె రాసేదీ, సగమే అర్థమయ్యే అరబ్బీ కథలకు ఊఁ కొట్టేదీ రామలక్ష్మమ్మే. పెద్దావిడ చెడ్డది కాదు. చెడ్డదైతే బాగుండేది. ఫిర్యాదు రాసి పారేసి సఫియా ఇంటికి పోయి పడుకునేది.

మూడోసారి వెళ్లినప్పుడు గుమ్మంలోనే రామలక్ష్మమ్మ గొణిగింది. "ఇంగ పదైదు దినాలంటమ్మా. ఈ తూరి కాకపోతే, నేను పోయినా ఒగటే, పోకపోయినా ఒగటే."

హాల్లో గోడ మీద పాత ఫోటో ఒకటి వేలాడుతోంది. పడవ పక్కన కూర్చున్న గడ్డం మనిషి, ఆయన ఒళ్లో మడిచిన గుడ్డ. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక సఫియా ఆ గుడ్డెందుకని అడిగింది.

"మా నాన్న ముత్యాల వర్తకుడు," అంది పెద్దావిడ. "ఆ గుడ్డ కిందే బేరం. మగపిల్లలకు నేర్పలేదు, నాకు నేర్పాడు."

సఫియాకు ఉన్నట్టుండి పుంగనూరు సంత దుమ్ము వాసన తగిలింది. లేచి పెద్దావిడ పక్కన కూర్చుంది. భుజం మీది నీలం శాలువా తీసి ఇద్దరి ఒళ్లోనూ పరిచింది. ఏసీ చలి ఎక్కువైందేమోనని, గుమ్మం దగ్గర తమ్ముళ్లతో నిలబడ్డ పెద్దకొడుకు రిమోటు వెతికాడు.

శాలువా కింద ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. "నెలలు," అంది పెద్దావిడ కిటికీ వైపు చూస్తూ, ఎండ గురించి మాట్లాడినట్టు. అయిదు వేళ్లూ నొక్కింది. మళ్లీ ఒకటి. ఆరు నెలలు ఉండాలట.

సఫియా పిడికిలి బిగించింది.

నాలుగన్నది ఆ చెయ్యి. పిడికిలి. రెండు. పిడికిలి. అది బేరం తెలిసిన చెయ్యి, తొందరపడలేదు. చిటికెన వేలి పక్కన గోరు దూర్చి విప్పబోయింది, అచ్చం రొట్టె కోసం అలావుద్దీన్ విప్పబోయినట్టే. సఫియాకు కళ్లు మండాయి. నిద్ర చాలకేనని సర్దుకుంది.

తరవాత నొక్కడం ఆగిపోయింది. ముసలి చెయ్యి ఆ పిడికిలిని ఊరికే పట్టుకొని ఉండిపోయింది. సంత బేరంలో అలాంటి గుర్తు లేదు. రేపటి నుంచి ఈ చెయ్యి ఎవరు పట్టుకుంటారని అడుగుతున్నట్టుంది.

చివరికి ఒక్క వేలు నొక్కింది. "జుమా," అంది పెద్దావిడ మెల్లగా. నెల కాదు, ఒక్క శుక్రవారం దాకా.

సఫియా పిడికిలి విప్పి ఒక వేలు ఇచ్చింది.

శాలువా తొలగగానే పెద్దావిడ కొడుకుల వైపు తిరిగి గొంతు పెంచింది. "ఈ మనిషి కూరల్లో ఉప్పెక్కువ. నాకు విసుగొచ్చింది. వచ్చే శుక్రవారం పంపించేయండి. ఈ ఎంబసీ ఆవిడ ఎంత బతిమాలినా వినను."

"మీ ఇష్టం," అంది సఫియా, ఓడిపోయినదానిలా తల వంచుకొని.

అరబ్బీలో ఉప్పు అన్న మాట రామలక్ష్మమ్మకు బాగా తెలుసు. కారు దాకా వెంటబడింది. "నాలుగేండ్లు తట్ట నాక్కోని తిని, ఈపొద్దు ఉప్పెక్కువంట! సూస్తివా అమ్మా ఆ నోరు!"

"ఇంటికి పోతాండావు కదా తల్లీ, ఊరుకో."

"పోతాండా సరే. ఉప్పు మాట యాల?"

శుక్రవారం విమానం బెంగళూరులో దింపితే రామలక్ష్మమ్మ రైలెక్కి కుప్పంలో దిగింది. రూప కానుపుకు తల్లి పక్కనే ఉంది. ఆడపిల్ల పుట్టింది. సఫియాకు బదిలీ రాలేదు గానీ, కొన్ని నెలలకు సెలవు వచ్చింది.

మదనపల్లెలో తమ్ముడు ఇమ్తియాజ్ ఇంట్లో వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకొని కూర్చుందామె. అప్పుడే కుప్పం నుంచి బస్సులు మారి రామలక్ష్మమ్మ దిగింది, చంకలో మనవరాలు, సంచిలో రాగిపిండి, మామిడికాయ ఊరగాయ. చుట్టుపక్కల ఆడవాళ్లు చేరారు. కథ మొదలైంది.

"కాఫీ గిన్నెలు పట్టుకోని ఎనకనే నిలబడుండా. శాలువా లోపల కోడిపిల్లలున్నట్టు ఒగటే మెదలాట! శాలువా తీస్తానే ఆ ముసలామె నన్ను పొమ్మనె. ఈయమ్మ గెలిసింది, ఆయమ్మ ఓడింది, అంతే! ఆ ఇంటికే ఇప్పుడు కురబలకోట పిల్ల పనికి పోయుండాది. దానిక్కూడా ఫోన్లో మాట పెట్టి పంపిస్తా, ఈ కథంతా."

"ఆపా," అన్నాడు ఇమ్తియాజ్ అక్క వైపు వంగి, "అబ్బాజాన్ టవలు బేరమేనా అది?"

అందరూ సఫియా వైపు చూశారు. సెలవు ఇంకెంతో లేదు. మళ్లీ ఆ వరండాలు, ఆ కాగితాలు. ఎప్పుడో ఒకరోజు కురబలకోట పిల్ల కోసం మళ్లీ అదే సోఫా, అదే ముడతల చెయ్యి. పెద్దావిడ ఓడిందన్న మాట ఆ ఇంటిదాకా పాకితే ఆ చెయ్యి ఇంక ఏ గుడ్డ కిందికీ రాదు.

"ఏం శాలువా?" అంది సఫియా.

"అదేమ్మా, నీలం రంగుది..."

"నాకు నీలం శాలువానే లేదు." అది ఆమె వెనక కుర్చీ మీదే వేలాడుతోంది. "పెద్దామెకు నీ ఉప్పు పడలా, పంపించేసింది. నేను ఆ ఇంటికి పోనే లేదు. ఇదంతా అబద్ధం."