నాలుగు ప్రింట్లలో మా బావ

ఆ ఫొటో తీసింది నేనే. తీసినప్పుడు దాని మీద నాకు పెద్ద ఆశ లేదు.

తొంభైల మొదట్లో, ఈ ఊరిని ఇంకా మద్రాసు అంటున్న రోజుల్లో, ఒక తెలుగు దినపత్రికలో విలేకరిగా ఉండేవాణ్ణి. ఫొటోగ్రాఫర్ సెలవు పెడితే కెమెరా నా మెడలో పడేది. ఒకరోజు హార్బర్ దగ్గర ఒక సభ చూసుకుని వస్తుంటే రోలులో రెండు ఫ్రేములు మిగిలాయి. రోలు పూర్తి చేయకుండా డార్క్‌రూములో ఇస్తే మా ఆఫీసులో తిట్లు తప్పవు. దారిలోనే సౌకార్‌పేట. అక్కడ ఎండుమిర్చి టోకు కొట్టులో మా బావ పనిచేసేవాడు. పిలిస్తే గడప దాకా వచ్చాడు.

"నా మొహానికి ఫొటో ఒకటా? ఫిలిం దండగ రా," అన్నాడు.

మొదటి ఫ్రేములో తల తిప్పేసుకున్నాడు. రెండో ఫ్రేముకు దొరికాడు. మిట్టమధ్యాహ్నం ఎండ తెల్లచొక్కా మీద పడుతోంది, ముఖం మాత్రం గడప నీడలో ఉంది. నేను వెలుతురు కొలిచింది ఎండలోని చొక్కాకు, నీడలోని ముఖానికి కాదు. అనుభవం లేనివాళ్ళు చేసే తప్పే అది.

ఎనిమిది నెలల తర్వాత బావ గుండెపోటుతో పోయాడు. వెతికితే ఇంట్లో ఆయన ఫొటోలు రెండే దొరికాయి. ఒకటి పెళ్ళినాటిది, ఇరవై ఏళ్ళ కుర్రాడిది. ఇంకొకటి ఏదో పెళ్ళిలో వరసగా నిలబడినవాళ్ళలో అరచెవి కనబడేది. పురసవాక్కంలో మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె అడిగింది.

"నువ్వొక ఫొటో తీసినావంట కదరా, ఆడ కొట్టు ముందర. ఆయనే చెప్పినాడు. అది ఏడుండాది?"

"నెగటివ్ ఉంది అక్కా. ముఖం సరిగ్గా పడలేదు."

"కండ్లు పడినాయా?"

బావకు ముందుపన్ను ఒకటి చిన్నప్పుడే విరిగింది. అందుకని పెదవులు మూసుకునే నవ్వేవాడు, నవ్వంతా కళ్ళల్లో ఉండేది. ఏడాది ముగిసే సంవత్సరీకం నాటికి గోడ మీద ఆ కళ్ళు ఉండాలి. అక్క కోరింది అంతే. నాకు మిగిలింది రెండు వేళ్ళ వెడల్పున్న ఒక ఫిలిం ముక్క.

అప్పటికి ఊరంతా రంగుల యంత్రాలు వచ్చేశాయి. మౌంట్‌రోడ్డు పక్కన అద్దాల తలుపున్న ఒక ల్యాబులో ఇస్తే గంటలో ప్రింటు చేతిలో పెట్టారు. రంగుల కాగితం మీదే వేశారు. బావ చొక్కా లేత ఆకుపచ్చగా, మిర్చి బస్తాలు చాక్లెట్ రంగులో వచ్చాయి. ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు మచ్చ. కౌంటరు దగ్గరి అమ్మాయి నా ముఖం చూసి జాలిపడింది.

"బ్లాక్ అండ్ వైట్ ఇప్పుడు ఎవరు సార్ వేస్తారు? దీన్ని ఆర్టిస్టుకు ఇచ్చి గీయించుకోండి."

రెండోది పురసవాక్కంలోనే ఉన్న పాత స్టూడియో. పోయినవాళ్ళ ఫొటోలకు పేరున్న చోటు. గోడల నిండా పెద్దమనుషులు, అందరికీ ఒకే నల్లకోటు, అందరి వెనకా ఒకే తెర. ముఖాలన్నీ పిండి పూసినట్టు తెల్లగా ఉన్నాయి. నాతో వచ్చిన అక్క ఒక్కొక్క ఫొటో చూసుకుంటూ నడిచింది.

"అన్నా, వీళ్ళందరూ ఒక తల్లి బిడ్డలా?" అని అడిగింది యజమానిని.

ఆయన నవ్వకుండా, "కస్టమర్లు అడిగేది అదేమ్మా. నలుపుంటే ఒప్పుకోరు. మీ ఆయనకి కోటు వేసేద్దాం, కండ్లు మేమే గీసేస్తాం, సూపరా ఉంటాది," అన్నాడు.

"ఆయన జన్మలో కోటు తొడగలా. ఇప్పుడు తొడిగితే నన్ను అడగతాడు, ఎవుర్దే ఇది అని."

వాళ్ళు నమూనాకు వేసిన ప్రింటుతో సహా నెగటివ్ వెనక్కి తీసుకున్నాం. వాళ్ళు ఎలా పట్టుకున్నారో ఏమో, భుజం పక్కన వెంట్రుకంత గీత పడింది. ఇంకో రెండు చేతులు మారితే ఆ గీత ముఖం మీదే పడుతుందని నాకు భయం పట్టుకుంది.

ఇక నా తెలివి మీదే ఆధారపడ్డాను. పత్రికలకు ప్రింట్లు వేసి ఇచ్చే ఒక ల్యాబు నాకు బాగా తెలుసు. నలుపు నల్లగా, తెలుపు తెల్లగా, దూరం నుంచి చూసినా కొట్టొచ్చినట్టు కనబడే ప్రింట్లు వాళ్ళవి. నా లెక్కలో మంచి ప్రింటంటే అదే. దగ్గర నిలబడి వేయించుకుని, చాలా సంతోషంగా అక్క చేతిలో పెట్టాను. చొక్కా మెరిసిపోతోంది. గడప, తలుపు, బస్తాలు గీసినట్టున్నాయి.

అక్క చాలాసేపు చూసింది. "బాగుండాది రా," అంది. బీరువాలో చీరల కింద పెట్టి తలుపు వేసింది. వంటింట్లోకి వెళ్ళాక అక్కణ్ణించే అంది.

"పేపర్లో పోయినోళ్ళ ఫొటో వేస్తారే, అట్లుండాది."

ఆమె అన్నది నిజమే. న్యూస్‌ప్రింటు సిరాను పీల్చేస్తుంది. మధ్యలో ఉన్న బూడిదరంగులన్నీ అందులో కలిసి బురదైపోతాయి. అందుకే పత్రికలకు వేసే ప్రింటులో ఆ రంగులను ముందే చంపేస్తారు. ఇన్నేళ్ళూ అలాంటి ప్రింట్లే చూసి చూసి నా కన్ను వాటికే అలవాటుపడింది. బావ కళ్ళు ఉన్నది సరిగ్గా ఆ బూడిదరంగుల్లోనే. వాటిని చంపించింది నేనే.

మా ఆఫీసు ఫొటోగ్రాఫర్ జరిగింది విని, మాధవరంలో ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పాడు. కోడంబాక్కంలో సినిమా స్టిల్స్‌కు ముప్ఫై ఏళ్ళు ప్రింట్లు వేసిన మనిషి. తెలుగు సినిమాలు హైదరాబాదు వెళ్ళిపోయాక ఇంటి వెనక గదిలో చిన్న ల్యాబు పెట్టుకున్నాడట. పాల కాలనీ దాటి, రెండు సందులు తిరిగి వెళ్ళాను. సంవత్సరీకం ఇంకా నాలుగు రోజుల్లో ఉంది.

బక్కపలచని మనిషి, లుంగీ, బనియను. వేళ్ళ చివర్లు మందునీళ్ళకు గోధుమరంగు తేలి ఉన్నాయి. అక్క బీరువాలోంచి తీసుకున్నదానితో కలిపి నేను తెచ్చిన మూడు ప్రింట్లూ చూసి పక్కన పెట్టాడు. నెగటివ్ అంచులు పట్టుకుని బల్బు ముందు పెట్టాడు. ముఖం ఉన్న చోట దాదాపు ఖాళీ గాజులా ఉంది.

"దీంట్లో ఏమీ లేదు కదండీ," అన్నాను.

"తొందరపడబాక అబ్బయ్యా."

బల్లమీద నల్లగుడ్డ పరిచి, నెగటివ్‌ను దానిపైన వాల్చి పట్టుకున్నాడు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేట్టు కొంచెం తిప్పాడు. అప్పుడు జరిగింది ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. తెల్లది నల్లగా, నల్లది తెల్లగా ఉన్న ఆ ముక్క ఒక్కసారిగా తిరగబడింది. గోరంత గడపలో, గోరంత నీడలో, బావ నిలబడి నన్ను చూస్తున్నాడు.

"ఉండాడు," అన్నాడు పెద్దాయన తాపీగా. "ఫిలిం ఏదీ వదల్లా. ల్యాబులోళ్ళే వదిలేసినారు."

గీత చూపించాను. ఆయన వేలితో ముక్కుపక్కన ఒకసారి రుద్దుకుని, ఆ జిడ్డును ఫిలిం వెనకవైపు గీత మీద పలచగా రాశాడు.

"మీ బావకి నా ముక్కు జిడ్డే మందు. ఎవురితోనూ చెప్పబాక, కంపెనీలోళ్ళు సీసాల్లో పోసి అమ్మతారు."

ఎర్రదీపం గదిలో నన్ను గోడకు ఆనించి నిలబెట్టాడు. గట్టి నలుపునిచ్చే కాగితం పక్కన పెట్టి, మెత్తటిది తీశాడు. పైనుంచి వెలుతురు కాగితం మీద పడగానే, సన్నటి తీగకు అతికించిన అట్టముక్కను ముఖం పైన ఆడిస్తూ అక్కడ వెలుతురు ఎక్కువ పడకుండా ఆపాడు. ఒక్కచోట నిలపడు, దోమను తోలుతున్నట్టు కదుపుతూనే ఉంటాడు. పెదవుల మీద అంకెలు వినబడుతున్నాయి. తర్వాత రెండు చేతులూ దోసిలిలా కలిపి, మధ్యలో చిన్న సందు వదిలి, ఆ సందులోంచి చొక్కా మీదికి మాత్రం వెలుతురు పోశాడు. గోడ మీద ఆ చేతుల నీడ పక్షిలా పెద్దదై కదిలింది. ముప్ఫై ఏళ్ళు ఎవరెవరి ముఖాలనో ఆ చేతులు అలా నీడపట్టి కాపాడి ఉంటాయి. సినిమాహాలు ముందు అద్దాల వెనక ఆ బొమ్మలు చూస్తూ నిలబడిన నాకు, వాటి వెనక ఇలాంటి చేతులుంటాయని ఎన్నడూ తట్టలేదు.

కాగితం మందునీళ్ళలో పడింది. ముందు చొక్కా మడతలు వచ్చాయి. తర్వాత తలుపు. ముఖం రాలేదు. ఆయన రెండు వేళ్ళు నీళ్ళలో పెట్టి, ముఖం ఉండే చోట మెల్లగా రుద్దాడు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు రుద్దినట్టు. ఆ వెచ్చదనానికి కనుబొమలు తేలాయి. కళ్ళు తేలాయి. దీపం వేశాక తొట్టిలోని ముఖం చూసి, "అద్భుతం, ఇదే కావాలి, ఇచ్చేయండి," అన్నాను.

"తడిలో అన్నీ అందంగానే ఉంటాయి. ఆరితే ఒక మెట్టు నల్లబడతాది. ఇంకోటి లేతగా వెయ్యాల." ఆయన ఇంకో కాగితం తీశాడు. "అయినా ఈ పొద్దు ఇయ్యను. కడగను నీళ్ళు లేవు. లారీ ఎల్లుండి వస్తాది."

"సంవత్సరీకం దగ్గరపడింది. కొంచెం కడిగి ఇవ్వండి, చాలు."

"కొంచెం కడిగితే మందు కాగితంలో ఉండిపోతాది. పదేండ్లకి పచ్చగా పండిపోతాడు మీ బావ. అప్పుడు మీ అక్కకి నువ్వు చెప్తావా, నేను చెప్పేదా?"

మా ఆఫీసు బీరువాలో పసుపుపచ్చగా మారిన ఫొటోల కట్టలు గుర్తొచ్చి సరేనన్నాను.

సంవత్సరీకానికి ముందురోజు సాయంత్రం వెళ్ళాను. ప్రింటు ఆరి, రెండు పాత దినపత్రికల మధ్య అణిగి ఉంది. వాటిలో ఒకటి మాదే. తీసి చూస్తే పత్రిక ప్రింటు పక్కన ఇది చప్పగా కనబడింది. కానీ చూసేకొద్దీ లోపలికి తెరుచుకుంటూ పోయింది. గడప వెనక చీకట్లో బస్తాల కుట్లు, మేకుకు తగిలించిన అక్క ఇచ్చే టిఫిన్ క్యారియర్. ఆ నీడలో చెంపల గుంటలు, మూసిన పెదవులు, వాటి పైన నవ్వుతున్న కళ్ళు. ఆ రోజు కెమెరా వెనక నిలబడిన నేను వీటిలో ఏదీ చూడలేదు.

అక్క ప్రింటును వీధి తలుపు దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకుంది. బయటినుంచి ఎవరో వచ్చినట్టు పైట భుజం మీద సర్దుకుంది, అంతే.

మర్నాడు ఫ్రేముకు వేయడానికి మా పెద్దమ్మ మల్లెదండ తెచ్చింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"దండ లేకుండా ఏంది మే? చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అంది పెద్దమ్మ.

"ఏమన్నా అనుకోనీలే పెద్దమ్మా. ఆ దండ నీడ మొహం మీద పడతాది. ఆ నీడ తీయను ఎంత కష్టపడినారో నీకు తెలీదు."

దండను ఫొటో కింద పీటమీద చుట్టగా పెట్టింది. తర్వాత ఎన్ని తద్దినాలు వచ్చినా దండ పీటమీదే ఉండేది.