మిషనక్క మోకాలు

మా అక్కను వీధిలో అందరూ మిషనక్క అంటారు. పధ్నాలుగేళ్లప్పుడు కుట్టుమిషను ముందు కూర్చుంది, యాభై మూడేళ్లకు గానీ లేవలేదు. అమ్మ పోయాక మా అక్కాచెల్లెళ్లను ఆ మిషనే పోషించిందని ఎవరైనా అంటే అక్కకు ఒళ్లు మండేది. "మిషను పోషించిందా? మరి తొక్కిందెవరో?" అనేది. ఆమె నోటికి జడవనివాళ్లు లేరు. చొక్కా బిగుతైందని ఎవరైనా పోట్లాటకు వస్తే, "కొలతలు నా పుస్తకంలో అలాగే ఉన్నాయి, మారింది నీ పొట్ట" అని మొహం మీదే చెప్పేది. కుట్టులో మాత్రం వంక పెట్టడానికి వీల్లేదు. బడిపిల్లల యూనిఫాంల నుంచి ఆసుపత్రి దిండుగలీబుల దాకా ఏది కుట్టినా, పోగు బయటికి కనిపిస్తే విప్పి మళ్లీ కుట్టేది. నా చదువంతా ఆమె కాలి మీదే నడిచింది.

తొక్కీ తొక్కీ కుడి మోకాలు పోయింది. కీళ్లవాతం, గుజ్జు అరిగిపోయింది అన్నారు. మిషనుకు మోటారు బిగించినా ఆ కాలు ఆడించక తప్పలేదు. నేను పనిచేసే ఆసుపత్రిలోనే చూపించాను. అక్కడ మూడో అంతస్తులో, పరిశోధనశాలలో నేను టెక్నీషియన్ని. కీళ్లవాతం ఉన్నవాళ్ల కీలులోంచి గోరంత పొర తీసి, దాన్నుంచి మూలకణాలు తయారుచేయడం మా పని. మూలకణమంటే ఇంకా ఏ పనిలోనూ కుదురుకోని కణం. దారిలో పెడితే కొత్త గుజ్జుగా మారుతుందని మా ఆశ. మనుషుల మోకాళ్లలో పెట్టే రోజు మాత్రం ఇంకా చాలా దూరంలో ఉంది.

అప్పట్లో మాకు పొర ఇచ్చేవాళ్లు దొరకడం లేదు. అంగీకారపత్రం మూడో పేజీకి వచ్చేసరికి దాదాపు అందరూ వెనక్కి తగ్గేవారు. 'ఈ కణాలను తిరిగి మీకు ఎక్కించం' అని ఉండేది అక్కడ. ఎవరినైనా తీసుకురమ్మని మా పెద్దమేడం రోజూ నన్ను పోరేది. అక్కకు ఎలాగూ మోకాలు లోపల శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ ఉంది. పత్రం ఇంటికి తెచ్చి, ఆమె అంచు మడిచి కుడుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించాను. మూడో పేజీ చదవలేదు. తిప్పేశాను.

"అంటే నా గుజ్జు పెంచి నాకే పెడతారన్నమాట," అంది అక్క.

"అందుకే కదక్కా మేం ఇంత కష్టపడేది," అన్నాను.

దారం పంటితో తెంపి సంతకం పెట్టింది. నేను చదివానంటే తను చూసుకోనక్కర్లేదనుకునే మనిషి. నేను చేసింది మోసం. దానికి ఇంకో పేరు పెట్టను.

ఆ చిన్న ఆపరేషన్‌లోనే పొర తీశారు. అప్పటిదాకా తీసుకున్న కణాలన్నిట్లోకీ అక్కవే బాగా పెరిగాయి. రోజు విడిచి రోజు గులాబీరంగు ద్రవం మారుస్తూ కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నాను. మా దగ్గర ఒక అలవాటుంది. పొద్దున్నే ఒకరినొకరు "పిల్లలెలా ఉన్నారు?" అని అడుగుతాం, కణాల గురించి. ఆ సంగతి తెలిశాక అక్క కూడా నేను గడప దాటి లోపలికి రాగానే అదే అడిగేది. "బాగా పెరుగుతున్నారక్కా" అంటే ఆ పూట మూలుగు కూడా వినపడేది కాదు.

నాలుగు నెలలకు మోకాలి మార్పిడి ఆపరేషన్‌కు తేదీ వచ్చింది. అక్క వద్దంది. "ఇనుప మోకాలు నాకెందుకు? నాది పెరుగుతోందిగా," అని డాక్టరుకే చెప్పింది. ఆయన నా వైపు చూశాడు. "నేను మాట్లాడతాను సార్," అన్నాను. మాట్లాడలేదు. ఆ వారమే పెద్దమేడం నన్ను అందరి ముందూ మెచ్చుకుంది. నిజం తెలిస్తే అక్క తన కణాలు వెనక్కి అడుగుతుందని భయపడ్డాను. అక్క కాలికంటే అవి నాకు ఎక్కువయ్యాయి.

ఏడాదిన్నర గడిచింది. కాలు వంగిన చోటే బిగుసుకుపోయింది. భారమంతా మోసి ఎడమ మోకాలూ చెడింది. ఇప్పుడు మార్చినా మునుపటి నడక రాదని డాక్టరు తేల్చేశాడు. గది బయటికి వచ్చాక అక్క, "మీ మేడం దగ్గరికి తీసుకెళ్లు. నావి నాకెప్పుడు పెడతారో నేనే అడుగుతా," అంది. ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. చక్రాల కుర్చీలో మూడో అంతస్తుకు తీసుకెళ్లాను.

సూక్ష్మదర్శినిలో చూపించాను. "ఎంత నిండుగా ఉన్నాయే!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వుతోనే మేడం వైపు తిరిగి, "ఎప్పుడమ్మా పెట్టేది?" అని అడిగింది.

మేడం తెల్లబోయింది. "మీకు ఎక్కించేది లేదమ్మా. మూడో పేజీలో ఉందిగా. అన్నీ చదివి వినిపించానని మీ చెల్లెలు సంతకం కూడా పెట్టింది."

అక్క నా వైపు చూసింది. తిడితే బాగుండునని జన్మలో మొదటిసారి అనిపించింది.

"దాంట్లో ఇంకా ఏమేం రాసుందో ఇప్పుడైనా మొత్తం చదువు," అంది చివరికి.

చదివాను. ఇచ్చినవాళ్లు ఎప్పుడు వద్దన్నా కణాలను నాశనం చేస్తామని ఆఖరి పేజీలో ఉంది.

"అయితే వద్దు," అంది అక్క.

మేడం బతిమాలింది. "తొందరపడకండమ్మా. రేపు ఎంతోమందికి పనికొస్తాయి."

"పనికి రానీ అనేదాన్నే. మొదటే అడిగుంటే ఇచ్చేదాన్ని కూడా," అంది అక్క. తర్వాత నాతో, "నువ్వే చెయ్యి. పెంచింది నువ్వేగా," అంది.

గడ్డకట్టించి దాచినవాటితో కలిపి అక్క కణాలున్న గిన్నెలూ సీసాలూ అన్నీ బయటికి తీశాను. ఒక్కొక్క దాంట్లో బ్లీచింగ్ ద్రావణం పోశాను. గులాబీరంగు విరిగి మామూలు నీళ్లలా అయిపోయింది. అక్క చివరిదాకా కళ్లార్పకుండా చూసింది. మేడం సగంలోనే లేచి వెళ్లిపోయింది.

అయ్యాక కుర్చీ తోయబోతే, "చెయ్యి తియ్యి," అంది. తనే చక్రాలు తిప్పుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. వరండాలో ఒకామె నేల తుడుస్తోంది.

"అమ్మా, నన్ను కాస్త కిందికి దింపుతావా?" అని అడిగింది అక్క. "నాతో ఎవరూ రాలేదు."